ఒకే మనిషి, పది రికార్డులు: డేటాబేస్‌లు ఎలా కలుస్తాయి, ఎక్కడ తప్పుతాయి

జగిత్యాల జిల్లా కథలాపూర్ మండలంలో బీడీలు చుట్టే ఒక మహిళ వివరాలు ఎన్ని చోట్ల ఉంటాయో లెక్క వేయండి. ఆధార్ ఒక చోట. రేషన్ కార్డు పౌరసరఫరాల శాఖ దగ్గర. పీఎఫ్ ఖాతా ఈపీఎఫ్‌వో దగ్గర. ఆసరా పింఛను గ్రామీణాభివృద్ధి శాఖ దగ్గర. ఓటు ఎన్నికల సంఘం జాబితాలో. పొదుపు ఖాతా బ్యాంకులో. భర్త గల్ఫ్‌లో ఉంటే ఆయన పాస్‌పోర్టులో భార్య పేరుగా ఇంకోచోట. మనిషి ఒక్కరే, రికార్డులు మాత్రం ఏడెనిమిది. వాటిని వేర్వేరు ఏళ్లలో, వేర్వేరు ఆపరేటర్లు, వేర్వేరు అవసరాల కోసం ఎక్కించారు.

ఒక చోట వివరం మారితే మిగతా చోట్ల కూడా అది సమయానికి, సరిగ్గా మారేలా చూడటాన్ని డేటా సింక్రనైజేషన్ అంటారు. వాడుకలో 'సింక్' అంటే సరిపోతుంది. బ్యాంకులు, టెలికాం కంపెనీలు, సూపర్ మార్కెట్ల గొలుసులు రోజూ చేసే పనే ఇది. ప్రభుత్వ శాఖల మధ్య చేసినప్పుడు మాత్రం తప్పు జరిగితే ఆగిపోయేది బిల్లు కాదు, బియ్యం. అందుకే ఇది కంప్యూటర్ వాళ్ల విషయమే అని వదిలేయడానికి లేదు. ఎలా పనిచేస్తుందో, ఎక్కడ తప్పుతుందో తెలిస్తే ఏ ఆఫీసుకు వెళ్లి ఏం అడగాలో తెలుస్తుంది.

ఊరు ఒక్కటే, లెక్కల్లో నాలుగు చోట్ల

మనిషి సంగతి తర్వాత, ముందు ఊరి సంగతే చూద్దాం. 2016 అక్టోబరు 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట కలిసి 33 అయ్యాయి. అప్పటిదాకా కరీంనగర్ జిల్లాలో ఉన్న కథలాపూర్ మండలం జగిత్యాల జిల్లాలోకి, కోరుట్ల రెవెన్యూ డివిజన్‌లోకి వచ్చింది. అయితే అసెంబ్లీకి ఓటు వేసేది వేములవాడ నియోజకవర్గంలో. వేములవాడ పట్టణం ఉన్నదేమో రాజన్న సిరిసిల్ల జిల్లాలో. పార్లమెంటుకు వస్తే కథలాపూర్ కరీంనగర్ స్థానం కింద ఉంటుంది, పక్కనే ఉన్న కోరుట్ల, జగిత్యాల నిజామాబాద్ స్థానం కింద ఉంటాయి.

అంటే రెవెన్యూ డేటాబేస్‌లో ఈ ఊరు జగిత్యాల. ఓటర్ల డేటాబేస్‌లో వేములవాడ. 2011 జనగణనలో కరీంనగర్. పాత ఆధార్ కార్డు మీద కూడా కరీంనగరే. ఇంగ్లీషు స్పెల్లింగ్ కూడా 'కథ్లాపూర్' అని ఒకచోట, 'కథలాపూర్' అని ఒకచోట కనిపిస్తుంది. ఇందులో ఏదీ అబద్ధం కాదు. కానీ రెండు డేటాబేస్‌లను చిరునామా చూసి కలపమని కంప్యూటర్‌కు చెబితే అది ఇద్దరు వేర్వేరు మనుషులనుకోవచ్చు.

దీనికి మందు ఉమ్మడి కోడ్. కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో దేశంలోని ప్రతి జిల్లాకు, మండలానికి, గ్రామానికి, పంచాయతీకి ఒక సంఖ్య ఉంటుంది. శాఖలన్నీ ఊరి పేరు బదులు ఆ సంఖ్యనే పట్టుకుంటే జిల్లా మారినా, స్పెల్లింగ్ మారినా ఊరు మారదు. సింక్‌లో మొదటి పాఠం ఇదే. పేరు చదువుకోవడానికి, కలపడానికి సంఖ్య.

రోజంతా కాపీ కొట్టాలా, మార్పు మాత్రమే పంపాలా

ఒక డేటాబేస్‌ను ఇంకోదానితో సరిపోల్చడానికి మోటు పద్ధతి ఒకటుంది. రాత్రికి రాత్రి మొత్తం కాపీ చేసి రెండో చోట పెట్టేయడం. వెయ్యి రికార్డులైతే పర్వాలేదు. కోటి రికార్డులుండి అందులో ఆ రోజు మారినవి రెండు వేలే అయితే, మిగతా అంతా వృథా శ్రమ. పైగా ఉదయం మారిన వివరం రాత్రి దాకా రెండో చోటికి చేరదు.

రెండో పద్ధతిలో ప్రతి రికార్డుకూ చివరగా ఎప్పుడు మారిందో తేదీ, సమయం వేసి పెడతారు. నిన్నటి నుంచి మారినవి మాత్రమే తీసుకుంటారు. చాలా ఆఫీసుల్లో నడిచేది ఇదే. దీనికి ఒక లోపం ఉంది. తీసేసిన రికార్డు మీద తేదీ ఉండదు, ఎందుకంటే రికార్డే ఉండదు. మూల డేటాబేస్‌లో తీసేసిన పేరు రెండో చోట అలాగే మిగిలిపోతుంది.

మూడోది కామర్స్ చదివిన ఎవరికైనా ఇట్టే అర్థమయ్యే పద్ధతి. దుకాణంలో ముందు డేబుక్‌లో రాస్తారు, తర్వాత లెడ్జర్‌లోకి ఎక్కిస్తారు. లెడ్జర్‌లో ఉండేది ఈ రోజు నిల్వ. డేబుక్‌లో ఉండేది ఆ నిల్వ ఎలా వచ్చిందో చెప్పే వరుస. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్ లాంటి డేటాబేస్‌లన్నీ లోపల ఇలాంటి డేబుక్ ఒకటి రాసుకుంటూనే ఉంటాయి. దాన్ని లాగ్ అంటారు. ఆ లాగ్ చదివి చేర్పు, మార్పు, తీసివేత అన్నింటినీ జరిగిన వరుసలోనే రెండో డేటాబేస్‌కు పంపడాన్ని చేంజ్ డేటా క్యాప్చర్ అంటారు. మూల డేటాబేస్ మీద భారం తక్కువ, ఆలస్యం క్షణాల్లోనే. లింక్డ్‌ఇన్ కంపెనీ తన అవసరానికి తయారుచేసుకుని 2011లో అందరికీ ఉచితంగా ఇచ్చిన కాఫ్కా అనే సాఫ్ట్‌వేర్ ఇలాంటి మార్పుల వరుసను మోసుకెళ్లడానికి ఇప్పుడు ప్రపంచమంతా వాడుకలో ఉంది.

ఇందులో ఒక జాగ్రత్త తప్పనిసరి. నెట్‌వర్క్ తెగిపోయి మళ్లీ కలిసినప్పుడు ఒకే మార్పు రెండుసార్లు రావచ్చు. '500 కలుపు' అని పంపితే రెండోసారి కూడా కలుస్తుంది. 'ఫలానా రసీదు నంబరు కింద 500' అని పంపితే, ఆ రసీదు ఇదివరకే ఎక్కిందని గుర్తించి వదిలేస్తుంది. వోచర్ నంబరు లేకుండా ఎంట్రీ వేయొద్దని అకౌంటెంట్లు పట్టుబట్టేది ఇందుకే.

ఏది తక్షణం, ఏది నిదానంగా

అన్నీ అప్పటికప్పుడు సింక్ కావాల్సిన పని లేదు. రేషన్ షాపునే తీసుకోండి. తెలంగాణలో 2018 నుంచి కార్డుదారు ఏ ఊరి షాపులోనైనా సరుకు తీసుకోవచ్చు. 2019 ఆగస్టులో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మధ్య కూడా ఈ సౌకర్యం మొదలైంది. అదే తర్వాత ఒకే దేశం ఒకే రేషన్ కార్డు అయింది. కథలాపూర్ కార్డు మీద కొడుకు హైదరాబాద్‌లో పొద్దున బియ్యం తీసుకుంటే, మధ్యాహ్నం కథలాపూర్ షాపులో ఈపాస్ మిషన్‌కు ఆ సంగతి తెలియాలి. అందుకని షాపుల్లో వేర్వేరు లెక్కలు పెట్టకుండా మిషన్లన్నీ సెంట్రల్ సర్వర్‌నే అడుగుతాయి. లాభం ఏమిటంటే రెండుసార్లు తీసుకోవడం కుదరదు. నష్టం ఏమిటంటే సిగ్నల్ లేకపోతే షాపు ముందు లైను కదలదు.

భూమి లెక్క ఇంకో రకం. పాత రోజుల్లో పొలం కొంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్ట్రేషన్ ఒకటి, తహసీల్దార్ ఆఫీసులో మ్యుటేషన్ ఒకటి. మొదటిది అయి రెండోది కాకపోతే దస్తావేజు కొన్నవారి పేరున, పట్టా అమ్మినవారి పేరున ఉండేది. 2020 అక్టోబరు 29న ప్రారంభమైన ధరణిలో వ్యవసాయ భూములకు తహసీల్దార్లనే జాయింట్ సబ్ రిజిస్ట్రార్లను చేసి రెండు పనులూ ఒకేసారి జరిగేలా పెట్టారు. ధరణి స్థానంలో 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. ధరణిలో ఇతర సమస్యలు ఎన్ని చర్చకు వచ్చినా, ఈ ఒక్క సూత్రం డేటాబేస్ శాస్త్రంలో పాతదే. అవ్వాల్సిన రెండూ కలిసి అవ్వాలి, లేదంటే రెండూ కాకూడదు. దాన్నే ట్రాన్సాక్షన్ అంటారు.

ఇదే సూత్రం లేకపోవడం వల్ల ఇబ్బంది పడేది పెళ్లయిన ఆడపిల్లలు. పుట్టింటి రేషన్ కార్డులో పేరు తీయించాలి, తర్వాత అత్తింటి కార్డులో ఎక్కించాలి. ఇవి రెండు వేర్వేరు దరఖాస్తులు. మొదటిది త్వరగా అయిపోయి రెండోది పెండింగ్‌లో పడితే అమ్మాయి ఏ కార్డులోనూ ఉండదు. రెండింటినీ ఒకే బదిలీగా చేసే ఏర్పాటు ఉంటే ఈ ఖాళీ రాదు.

బ్యాంకు ఖాతా విషయంలో ఇంకో నియమం నడుస్తుంది. ప్రభుత్వ డబ్బు ఆధార్ ఆధారంగా వచ్చేటప్పుడు ఏ బ్యాంకుకు పంపాలో ఎన్‌పీసీఐ సంస్థ మ్యాపర్ చెబుతుంది. అందులో ఒక ఆధార్‌కు ఒక బ్యాంకే ఉంటుంది. చివరగా ఏ బ్యాంకులో ఆధార్ సీడింగ్ చేయిస్తే అదే నిలుస్తుంది. 'ఆఖరున రాసిందే చెల్లుతుంది' అనే ఈ పద్ధతి సులువైనదే. కానీ కొత్త ఖాతా తెరిచేటప్పుడు ఫారంలో ఒక టిక్కు పెట్టినందుకు పింఛను ఆ ఖాతాలోకి వెళ్తుంది. పాత పాస్‌బుక్ పట్టుకుని 'పైసలు రాలేదు' అని తిరిగేవాళ్లలో చాలామంది డబ్బు నిజానికి రెండో బ్యాంకులో పడి ఉంటుంది.

పేరుతో కలిపితే

ఆధార్ నంబరులో 12 అంకెలుంటాయి. చివరి అంకె మిగతా పదకొండింటిని లెక్కకట్టి వేసింది. ఒక అంకె తప్పు కొడితే అక్కడే తెలిసిపోతుంది. పేరుకు అలాంటి రక్షణ లేదు. ముస్లిం కుటుంబాల పేర్ల విషయంలో ఇది ఇంకా కష్టం. పేరు ఉర్దూలో పుడుతుంది, తెలుగులో బడి రిజిస్టర్‌కు ఎక్కుతుంది, ఇంగ్లీషులో కంప్యూటర్‌లోకి పోతుంది. మూడు లిపులు దాటేసరికి ఒకే పేరు మొహమ్మద్, ముహమ్మద్, మహ్మద్, ఎండీ అవుతుంది. షేక్ కాస్తా ఎస్‌కే అవుతుంది. పెళ్లికి ముందు ఒంటి పేరు, తర్వాత బేగం. ఒక కార్డులో బీ, ఒక కార్డులో బీబీ. ఇంటిపేరు అనే గడి ఫారంలో తప్పనిసరి కాబట్టి ఆపరేటర్ తోచింది రాసేస్తాడు.

పేర్లను ఉచ్చారణతో పోల్చే పద్ధతులు పాతవే. 1918లో అమెరికాలో పేటెంట్ పొందిన సౌండెక్స్ అందులో ఒకటి. దాన్ని ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో ఉన్న మన పేర్ల మీద ప్రయోగిస్తే మొహమ్మద్, ముహమ్మద్ రెండింటికీ ఎం530 అనే కోడే వస్తుంది. బాగానే ఉంది. కానీ ఎండీ అని కుదించి రాస్తే ఎం300 వస్తుంది. అంటే ఒకే మనిషి ఇద్దరయ్యాడు. మరోవైపు సయ్యద్‌కూ ఎస్300, సయీద్‌కూ ఎస్300. అంటే ఇద్దరు మనుషులు ఒక్కరయ్యారు. రెండు రకాల తప్పూ ఒకే పద్ధతిలో దొరుకుతుంది.

కెనడా గణాంక విభాగానికి చెందిన ఇవాన్ ఫెలెగి, అలన్ సంటర్ 1969లో ఈ సమస్యకు ఒక దారి చూపించారు. పేరు, పుట్టిన తేదీ, చిరునామా ఎంత కలిశాయో బట్టి జతలను మూడు కుప్పలు చేయాలి. కచ్చితంగా ఒకే మనిషి. కచ్చితంగా వేరే మనిషి. మధ్యలో, అనుమానం. ఆ మధ్య కుప్పను గుమాస్తా కూర్చుని చూడాలి. నేటికీ చాలా పెద్ద వ్యవస్థలు ఈ లెక్క మీదే నిలబడ్డాయి. మధ్య కుప్పను మనిషి చూడకుండా యంత్రానికే వదిలేస్తే ఏమవుతుందో తెలంగాణ చూసింది.

సమగ్ర వేదిక

2014 ఆగస్టు 19న రాష్ట్రమంతటా ఒకే రోజు సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. ఆ తర్వాతి ఏళ్లలో ప్రభుత్వం సమగ్ర వేదిక అనే వ్యవస్థను తెచ్చింది. ఇది సుమారు 30 ప్రభుత్వ డేటాబేస్‌లను కలిపి చూస్తుంది. వాహనాలు, ఆస్తులు, విద్యుత్ కనెక్షన్ల లాంటి వివరాల నుంచి ఒక కుటుంబానికి చెందినవి ఏవో పేర్లు, చిరునామాల పోలికతో తేల్చి, సంక్షేమ పథకానికి అర్హత ఉందా లేదా చెబుతుంది. అనర్హులకు పోయే సొమ్మును ఆపాలనేది ఉద్దేశం. ఉద్దేశంలో తప్పు పట్టేదేమీ లేదు.

కానీ హైదరాబాద్‌లో కారే లేని ఒక పేద కుటుంబాన్ని, పేరు దగ్గరగా ఉందని వేరొకరి కారుకు యజమానిగా లెక్కించి రేషన్ నిరాకరించిన ఉదంతం వార్తలకెక్కింది. రాష్ట్రంలో రద్దయిన సుమారు 19 లక్షల రేషన్ కార్డుల విషయం సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ పిటిషన్‌తో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. నోటీసు ఇవ్వకుండా, ఇంటికి వచ్చి చూడకుండా కంప్యూటర్ లెక్కతో తీసేశారనేది ఫిర్యాదు. రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది. ఆ ఏడాది జూలై నాటికి తేల్చిన 2,05,734 దరఖాస్తుల్లో 15,471 అర్హమైనవేనని బయటపడింది. నూటికి ఏడున్నర.

సాఫ్ట్‌వేర్ కంపెనీ భాషలో 92 శాతానికి పైగా కచ్చితత్వం అంటే గొప్పగానే వినిపిస్తుంది. షాపింగ్ యాప్‌లో నూటికి ఏడు తప్పయితే అక్కర్లేని ప్రకటన కనిపిస్తుంది, అంతే. రేషన్‌లో నూటికి ఏడు తప్పయితే ఏడు ఇళ్లలో బియ్యం డబ్బా ఖాళీ. కాబట్టి పని ఏదైతే ఆ పనికి తగ్గ జాగ్రత్త పెట్టాలి. చేర్చడం యంత్రానికి వదిలినా పర్వాలేదు, తీసేయడానికి ముందు మాత్రం ఒక మనిషి చూడాలి, ఇంటివాళ్లకు చెప్పాలి.

తప్పు దిద్దితే అది ఎక్కడిదాకా పోతుంది

సింక్‌కు ఒక చెడ్డ గుణం ఉంది. సరైన వివరాన్ని ఎంత వేగంగా మోస్తుందో తప్పును కూడా అంతే వేగంగా మోస్తుంది. తెలిసిన వ్యవస్థలు అందుకు మూడు ఏర్పాట్లు చేసుకుంటాయి.

మొదటిది, ఏ వివరానికి ఎవరు యజమాని అన్నది ముందే తేల్చడం. పుట్టిన తేదీకి ఒక శాఖ, భూమికి ఒక శాఖ, వాహనానికి ఒక శాఖ. మిగతావాళ్లు చదువుకోవచ్చు, దిద్దకూడదు. రెండోది, రికార్డును చెరిపేయకుండా 'ఫలానా తేదీన, ఫలానా కారణంతో తొలగించాం' అని గుర్తు పెట్టడం. బతికున్నవారిని చనిపోయినట్టు రాసినా అప్పుడే వెనక్కి తిప్పడానికి వీలుంటుంది. మూడోది సరిచూసుకోవడం. పాస్‌బుక్, క్యాష్‌బుక్ పక్కపక్కన పెట్టి తేడా ఎక్కడొచ్చిందో రాసే బ్యాంక్ రికన్సిలియేషన్ స్టేట్‌మెంట్‌ను కామర్స్ విద్యార్థులు బీఆర్ఎస్ అంటారు, పార్టీతో సంబంధం లేదు. డేటాబేస్‌లకూ అలాంటిదే కావాలి. సింక్ అయిందని మిషన్ చెప్పినా నెలకోసారి రెండు వైపులా లెక్క పోల్చి, తేడా వచ్చిన వాటిని మనిషి చూడాలి.

కుటుంబాలు చేసుకోగలిగింది

వ్యవస్థ బాగుపడే దాకా ఇంట్లో చేసుకోదగ్గ పనులు కొన్ని ఉన్నాయి.

1. ఇంట్లో ప్రతి ఒక్కరి పేరుకు ఒకే ఇంగ్లీషు స్పెల్లింగ్ ఖాయం చేసి కాగితం మీద రాసి పెట్టుకోండి. చదువుకున్న పిల్లలకు పదో తరగతి మెమో, గల్ఫ్ వెళ్లేవారికి పాస్‌పోర్టు ఆధారంగా పెట్టుకోవడం మేలు. పాస్‌పోర్టులో ఒంటి పేరు మాత్రమే ఉంటే విజిట్ వీసా మీద ప్రవేశం లేదని యూఏఈ 2022 నవంబరు నుంచి నియమం పెట్టింది.

2. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోవచ్చు, పుట్టిన తేదీ ఒకసారే. ముందు స్పెల్లింగ్ ఖాయం చేసుకుని తర్వాతే సెంటర్‌కు వెళ్లండి.

3. తప్పు ఎక్కడ పుట్టిందో అక్కడే దిద్దించండి. లేని వాహనం పేరు చెప్పి కార్డు ఆపితే, రేషన్ ఆఫీసుతో పాటు రవాణా శాఖ రికార్డు కూడా చూపించమని అడగాలి. మూలం అలాగే ఉంటే వచ్చే నెల మళ్లీ అదే తప్పు వస్తుంది.

4. దిద్దించిన తర్వాత రసీదు దాచుకోండి. కొన్నాళ్లకు రేషన్, పింఛను, పీఎఫ్ రికార్డుల్లో మార్పు చేరిందో లేదో విడివిడిగా చూసుకోండి. బీడీ కార్మికులు పీఎఫ్‌లో పేరు ఆధార్‌తో కలుస్తుందో లేదో ముందుగా చూసుకోవాలి, ఆ పింఛనుకు పీఎఫ్ సభ్యత్వమే ఆధారం.

5. ఏ బ్యాంకుకు ఆధార్ సీడింగ్ అయి ఉందో యూఐడీఏఐ వెబ్‌సైట్‌లో తెలుసుకోవచ్చు.

6. కార్డు రద్దయినా, దరఖాస్తు తిరస్కరించినా కారణం రాతపూర్వకంగా అడగండి. ఏ శాఖ రికార్డు చూసి నిర్ణయం తీసుకున్నారో సమాచార హక్కు చట్టం కింద అడిగితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆహార భద్రత చట్టం కింద జిల్లా స్థాయి ఫిర్యాదుల పరిష్కార అధికారి కూడా ఉంటారు.

ఆఫీసులో 'సిస్టమ్‌లో అలా వస్తోంది' అనే మాట చాలామంది విని వెనక్కి వచ్చేస్తారు. సిస్టమ్ అంటే ఎవరో ఎక్కించిన రికార్డు, ఎవరో పెట్టిన నియమం. ఏ రికార్డు, ఏ నియమం అని అడిగే హక్కు ఆ రికార్డులో పేరున్నవారికి ఉంది.